అరకులో మకాం, రోజుకొక దిక్కు: చుట్టుపక్కల చూడాల్సినవన్నీ తీరిగ్గా చూసే పద్ధతి

విశాఖలో తెల్లవారుజామున కారెక్కి, బొర్రా గుహలు, కటికి జలపాతం, కాఫీ తోటలు, మ్యూజియం, చాపరాయి అన్నీ ఒక్క రోజులో చుట్టేసి రాత్రి పదకొండుకి ఇల్లు చేరే ప్యాకేజీలు బోలెడున్నాయి. వెళ్ళొచ్చిన వాళ్ళని అడగండి, "బాగుంది కానీ అలసిపోయాం" అంటారు. రానూపోనూ రెండు వందల యాభై కిలోమీటర్లు, అందులో పెద్ద వాటా ఘాట్ రోడ్డు, మధ్యలో ఐదారు చోట్ల దిగి ఫోటోలు. దాన్ని అరకు చూడటం అని నేను అనను.

నా సలహా ఒక్కటే. అరకులో గది తీసుకుని, రోజుకి ఒక్క దిక్కే తిరగండి. ఇక్కడ ప్రతి చోటికీ ఒక వేళ ఉంది. మేఘాలు కనిపించేది సూర్యోదయానికి ముందూ వెనకా గంట సేపే, సంత బాగుండేది ఉదయం పూట, గుహలు ప్రశాంతంగా ఉండేది తలుపు తీయగానే, జలపాతం దగ్గర చలి వేయకుండా నిలబడగలిగేది మధ్యాహ్నం ఎండలో. ఒకే రోజులో అన్నీ పెట్టుకుంటే ఒక్కటి కూడా దాని వేళకి చూడలేరు. ఆ వేళల్ని బట్టే ఈ ప్లాన్ అంతా రాస్తున్నాను.

ముందు తేల్చుకోవాల్సింది: ఎన్ని రాత్రులు, ఏ నెల

కనీసం మూడు రాత్రులు పెట్టుకోండి. రెండే కుదిరితే అరకు ఊరు, బొర్రా దిక్కు మాత్రమే చూడండి, పాడేరు ఆశ వదిలేయండి. మూడు రాత్రులుంటే పాడేరు కలుస్తుంది. నాలుగో రాత్రి దొరికితే ఒడిశా వైపో, లంబసింగి వైపో ఏదో ఒకటి.

ఏ నెల అన్నది మీకు ఏం కావాలన్న దాన్ని బట్టి. నవంబరు, డిసెంబరుల్లో వలిసె చేలు పూసి లోయంతా పసుపు పచ్చగా ఉంటుంది, చలి గట్టిగా ఉంటుంది, జనం కూడా అంతే గట్టిగా ఉంటారు. జలపాతాలు నిండుగా కావాలంటే వానాకాలం చివర, అంటే సెప్టెంబరు నుంచి అక్టోబరు దాకా. జులై, ఆగస్టుల్లో పచ్చదనం ఇంకా బాగుంటుంది కానీ కొండచరియలు విరిగిపడి దారి ఆగిపోయే రోజులుంటాయి, ఒక రోజు అదనంగా చేతిలో లేకుండా రాకండి. మార్చి, ఏప్రిల్ నెలల్లో అరకు ఎవరూ రారు, నాకు మాత్రం ఇష్టమైన కాలం అదే. ఒక వాన పడిన కొద్ది రోజులకి కాఫీ మొక్కలు కొమ్మ పొడుగునా తెల్లగా పూస్తాయి, తోట పక్కన నిలబడితే మల్లెపూల లాంటి వాసన. ఆ పూత ఉండేది కొద్ది రోజులే. చైత్ర మాసంలో గిరిజన గూడేల్లో ఇటుకల పండగ కూడా జరుగుతుంది. ఆ రోజుల్లో దారికి అడ్డంగా కర్ర పెట్టి, పాట పాడి, పండగ మామూలు అడుగుతారు. విసుక్కోకుండా ఇరవయ్యో యాభయ్యో ఇచ్చి నవ్వుతూ వెళ్ళండి, చిల్లర దగ్గర పెట్టుకోండి.

వారాల సంగతి కూడా చూసుకోండి. శుక్రవారం మీ ప్లాన్‌లో ఉండి తీరాలి, ఆ రోజు అరకు సంత. శని, ఆదివారాల్లో బొర్రా వైపు వెళ్ళొద్దు. డిసెంబరు ఆఖరి వారం, సంక్రాంతి సెలవులు అయితే రాకపోవడమే మంచిది, రెండు కార్లు ఎదురైతే ఆగిపోయే దారుల్లో వందల కార్లు ఉంటాయి. బుధవారం మధ్యాహ్నం చేరి శనివారం దిగిపోవడం నా దృష్టిలో సరైన లెక్క.

రైల్లో ఎక్కండి

విశాఖ నుంచి అరకు రోడ్డు మీద 115 కిలోమీటర్ల దాకా. శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలవుతుంది. ద్వారకా బస్ స్టేషన్ నుంచి ఆర్టీసీ బస్సులున్నాయి, కారైతే మూడున్నర గంటలు. కానీ ఎక్కేటప్పుడు మాత్రం రైలే ఎక్కండి. పొద్దున ఏడు లోపే విశాఖలో బయలుదేరే కిరండూల్ పాసింజరు పదకొండుకి అటూఇటూగా అరకు చేరుస్తుంది (టైమింగ్స్ మారుతుంటాయి, ముందు రోజు ఒకసారి చూసుకోండి). ఈ లైను పుట్టింది మన కోసం కాదు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకి తెచ్చి జపాన్‌కి పంపడానికి 1960లలో కొండలు తొలిచి వేశారు. యాభైకి పైగా సొరంగాలు. దారిలో వచ్చే శిమిలిగుడ స్టేషన్ 996 మీటర్ల ఎత్తులో ఉంటుంది, చాలాకాలం బ్రాడ్‌గేజ్ లైన్లలో దేశంలోనే ఎత్తైన స్టేషన్‌గా దానికి పేరు. ఖనిజం మోసే గూడ్స్ బళ్ళు ఇప్పటికీ ఇదే దారిన వస్తాయి, వాటి కోసం మన బండిని ఆపితే అరగంట, గంట ఆలస్యం మామూలే.

2017 నుంచి ఈ బండికి అద్దాల కోచ్ తగిలిస్తున్నారు, విస్టాడోమ్ అంటారు. టికెట్లు తొందరగా అయిపోతాయి కాబట్టి రోజు ఖాయం కాగానే బుక్ చేసుకోండి. దొరక్కపోతే బాధ పడక్కర్లేదు, మామూలు స్లీపర్‌లో కిటికీ పక్క సీటులో గాలి తగులుతుంది, అద్దాల్లో అది లేదు.

చాలామంది బొర్రా గుహలు స్టేషన్‌లోనే దిగిపోయి, సామాన్లు మోసుకుంటూ గుహలు చూసి, జీపు మాట్లాడుకుని పైకి వస్తారు. మకాం అరకులో అయినప్పుడు ఆ అవస్థ ఎందుకు, తిన్నగా అరకు వెళ్ళి సామాను గదిలో పడేయండి, గుహలకి మర్నాడు ఖాళీ చేతులతో రావచ్చు.

అరకులో తిరగడానికి ఆటోలు, జీపులు, అద్దె స్కూటర్లు దొరుకుతాయి. ఇద్దరే అయితే ఊరి చుట్టుపక్కల స్కూటరు చాలు. పాడేరు, ఒడిశా వైపులకి మాత్రం కొండ దారి తెలిసిన స్థానిక డ్రైవరుతో బండి మాట్లాడుకోండి. రోజుకి ఎంత, ఎక్కడెక్కడికి, పార్కింగ్ ఎవరిది, డ్రైవరు భోజనం ఎవరిది అన్నీ బయలుదేరకముందే తేల్చుకుంటే సాయంత్రం గొడవ ఉండదు.

మొదటి రోజు: ఊళ్ళోనే ఉండండి

మధ్యాహ్నం చేరతారు కాబట్టి దూరాలు పెట్టుకోకండి. భోజనం చేసి ముందు గిరిజన మ్యూజియానికి వెళ్ళండి. 1996లో పెట్టారు. వ్యవసాయ పనిముట్లు, వేట సామాను, నగలు, పెళ్ళి తంతులు, సంత దృశ్యాలు, ఇవన్నీ బొమ్మల రూపంలో ఉంటాయి. పావుగంటలో బయటపడేవాళ్ళే ఎక్కువ. మీరు గంట కేటాయించండి, ఎందుకంటే రేపటి నుంచి గూడేల్లోనూ సంతలోనూ మీకు కనిపించబోయేవి ఇవే. కొండదొర, బగత, వాల్మీకి, కోటియా, పోర్జా, గదబ అని ఇక్కడ ఒక్కొక్కరిది ఒక్కో తెగ. వాళ్ళలో చాలామంది ఇళ్ళలో మాట్లాడేది ఆదివాసీ ఒడియా, తెలుగు బయట మాట్లాడతారు. ఇది తెలిసి తిరిగితే చూసే తీరే మారుతుంది.

పక్కనే కాఫీ మ్యూజియం ఉంది, కాఫీ తాగడానికి వెళ్ళండి, చదవడానికి కాదు. పద్మాపురం ఉద్యానవనం రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1942లో, సైనికులకి కూరగాయలు పండించడానికి మొదలైంది. పిల్లలుంటే టాయ్ ట్రెయిన్ కోసం వెళ్ళండి, లేకపోతే వదిలేయొచ్చు. సాయంత్రం కొన్ని రిసార్టుల్లో థింసా అనే గిరిజన నృత్యం ఆడిస్తారు. ఆడవాళ్ళు ఒకరి నడుము వెనక నుంచి ఇంకొకరి చేయి పట్టుకుని వరసగా కదులుతుంటే, కాలి అందెల చప్పుడు డప్పుతో సరిగ్గా కలుస్తుంది. చూసి చప్పట్లు కొట్టి లేచిపోకుండా ఆడినవాళ్ళ చేతికి నేరుగా కొంత ఇవ్వండి.

తొందరగా పడుకోండి, మర్నాడు చీకట్లో లేవాలి.

రెండో రోజు: మాడగడ, కాఫీ తోట, బొర్రా, కటికి

నాలుగున్నరకి లేచి మాడగడ వ్యూ పాయింట్‌కి వెళ్ళండి, అరకుకి బాగా దగ్గర. లోయలో మేఘం కూర్చుని ఉంటే కింద ఊళ్ళేవీ కనపడవు. మాడగడ బోర్డు పెట్టిన చోట దుకాణాల దగ్గరే గుంపుగా నిలబడతారు, ఇంకో వంద అడుగులు పక్కకి నడిస్తే ఎవరూ ఉండరు. వెచ్చటి బట్టలు తప్పనిసరి, ఇక్కడి గాలి మైదానం వాళ్ళ స్వెటర్లకి ఆగదు.

ఏడున్నరకల్లా కిందకి వచ్చి టిఫిన్ చేసి విశాఖ రోడ్డు పట్టుకోండి. మొదట తగిలేది సుంకరమెట్ట. అక్కడ కాఫీ తోటల మధ్య నుంచి కర్రల వంతెన వేశారు, దాని మీద నడవండి. ఎత్తుగా తిన్నగా పెరిగినవి సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న తీగ మిరియాలు, కింద నీడలో ఉన్నది కాఫీ. ఒకే నేలలో మూడు అంతస్తుల పంట. నవంబరు నుంచి జనవరి మధ్య వెళితే పండ్లు ఎర్రగా ఉంటాయి. తోట మనిషిని అడిగి ఒక్క పండు తీసుకుని వేళ్ళ మధ్య నొక్కండి, జిగురు పట్టిన రెండు గింజలు ఒకదానికొకటి అంటుకుని బయటికి జారతాయి. పైతోలు నోట్లో వేసుకుంటే తియ్యగా ఉంటుంది, కాఫీ రుచి ఎక్కడా తగలదు. ఆ జిగురు కడిగి, ఆరబెట్టి, పొట్టు తీసి, వేయిస్తేగానీ మనకి తెలిసిన వాసన రాదు. అరకు వ్యాలీ అరబికాకి 2019లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. పండించేది పెద్ద ఎస్టేట్ల వాళ్ళు కాదు, ఎకరం రెండెకరాలున్న గిరిజన రైతులు. దారి పక్కన టార్పాలిన్ మీద గింజలు ఆరబోసి ఉంటే వాటిని తొక్కకండి, బండి దాని మీదకి ఎక్కించకండి.

తర్వాత గాలికొండ వ్యూ పాయింట్. పది నిమిషాలు చాలు. అనంతగిరి దాటి కొంచెం దిగితే బొర్రా జంక్షన్ వస్తుంది, అక్కడ ఎడమకో కుడికో అని తడుముకోనక్కర్లేదు, బొంగు చికెన్ పొయ్యిల పొగే చెబుతుంది. అరకు నుంచి గుహల దాకా మొత్తం 35 కిలోమీటర్ల పైచిలుకు. మామూలుగా పదింటికి గుహలు తెరుస్తారు, మీరు పదింటికే అక్కడుండాలి. విశాఖ నుంచి వచ్చే టూరు బస్సులు పదకొండు దాటాక ఒక్కసారిగా దిగుతాయి, అప్పుడు లోపల మాటల హోరు తప్ప ఏమీ వినపడదు.

బొర్రా అంటే సున్నపురాయి గుహ. పైనుంచి ఇంకే నీరు రాయిలోని సున్నాన్ని కరిగించుకుని కిందకి చుక్కగా దిగి, ఆ సున్నాన్ని వదిలిపెట్టి పోతుంది. కప్పు నుంచి వేలాడేవీ, నేల నుంచి లేచినవీ అన్నీ అలా చుక్కచుక్కగా పేరుకున్నవే. కొన్ని పైదీ కిందదీ కలిసిపోయి స్తంభాలయ్యాయి. రంగు లైట్ల వైపు చూడటం మానేసి ఒక వేలాడే రాయి కొస దగ్గర నిలబడి చూడండి. కొసన నీటి చుక్క ఉబ్బుతుంది, వణుకుతుంది, పడదు, ఇంకా ఉబ్బుతుంది, అప్పుడు పడుతుంది. చేతితో మాత్రం ముట్టుకోవద్దు, మన చేతి జిడ్డు అంటితే అక్కడ పెరుగుదల ఆగిపోతుంది.

లోపల మెట్లెక్కితే శివలింగంగా కొలిచే రాయి ఉంది. ఇక్కడివాళ్ళు చెప్పే కథ ఏంటంటే, మేతకి వచ్చిన ఒక ఆవు పైనున్న కంతలోంచి గుహలో పడిపోయింది, వెతుక్కుంటూ దిగిన కాపరికి ఆవూ దొరికింది, లింగమూ కనిపించింది. శివరాత్రికి చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఇక్కడికే వస్తాయి. గుహని తొలిచింది గోస్తనీ నది. ఈ అనంతగిరి కొండల్లోనే పుట్టి, గుహల అడుగు నుంచి బయటపడి, చివరికి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది.

ఇంకో సంగతి ఏ గైడూ చెప్పడు కాబట్టి నేను చెబుతాను. ఈ బొర్రా పంచాయతీ చుట్టూ ఉన్న కొండల్ని గనులకి లీజుకిచ్చినప్పుడు గిరిజనుల తరఫున సమత అనే సంస్థ కోర్టుకెళ్ళింది. 1997లో సుప్రీం కోర్టు, షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకి గనుల లీజులు చెల్లవని తీర్పిచ్చింది. దేశంలో ఆదివాసీ భూముల గురించి ఎక్కడ చర్చ జరిగినా సమత తీర్పు ప్రస్తావన వస్తుంది. మీరు కారు ఆపి ఫోటో తీసుకునే ఈ పచ్చటి కొండలు పచ్చగా మిగలడంలో ఆ తీర్పుకి వాటా ఉంది.

నేల తడిగా జారుతుంటుంది, పట్టున్న బూట్లు వేసుకోండి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు మొదటి పెద్ద హాలు దాకా దిగి ఆగిపోతే చాలు, అసలు గొప్పదనం అక్కడే కనిపిస్తుంది. కోతులు చేతిలో కవరు కనిపిస్తే వదలవు.

గుహల నుంచి కటికి జలపాతానికి మీ కారు పోదు, రాళ్ళ దారి. బొర్రా దగ్గర జీపులు దొరుకుతాయి, మనిషికి ఇంత అనో బండికి ఇంత అనో మాట్లాడుకోవాలి, మిగతావాళ్ళతో కలిస్తే తక్కువలో పోతుంది. జీపు దిగాక కొంత నడక, ఎక్కుడు దిగుడు. ఒంటిగంట, రెండు మధ్య నీళ్ళ మీద ఎండ పడుతుంది, మునగడానికి అదే సమయం. వానాకాలంలో మాత్రం మునగాలన్న ఆలోచనే వద్దు, పైన కొండల్లో వాన పడితే కింద మీకు తెలియకుండానే నీరు పెరుగుతుంది.

ఆకలితో తిరిగొచ్చి బొంగు చికెన్ తినండి. ఉప్పు, కారం, అల్లం వెల్లుల్లి పట్టించిన కోడి ముక్కల్ని పచ్చి వెదురు బొంగులోకి దట్టించి, మూతికి ఆకు కుక్కి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. నూనె చుక్క వేయరు, ముక్క దాని నీళ్ళలోనూ వెదురు చెమ్మలోనూ ఉడుకుతుంది. ముప్పావుగంట పడుతుంది. ముందే కాల్చి పెట్టింది వేడి చేసి ఇస్తే తీసుకోకండి. జీపెక్కేముందే ఆర్డరిచ్చి, వచ్చాక తినడం తెలివైన పని. చీకటి పడకముందే అరకు చేరిపోండి.

మూడో రోజు శుక్రవారమైతే: సంత

శుక్రవారం ఉదయం తొమ్మిదికల్లా సంతకి వెళ్ళండి. చుట్టుపక్కల గూడేల నుంచి నడిచీ, జీపుల మీద నిలబడీ వస్తారు. పసుపు, అల్లం, పిప్పళ్ళు, రాజ్మా, చోళ్ళు, సామలు, అడ్డాకుల కట్టలు, కొండ చీపుర్లు, కాలం వస్తే అనాసలు, సీతాఫలాలు. కింద నుంచి వెళ్ళిన వ్యాపారులు ఉప్పు, ఎండుచేపలు, బట్టలు, గాజులు అమ్ముతారు. తూకమే కాదు, డబ్బాల కొలతల మీద కూడా బేరం నడుస్తుంది.

కొనేటప్పుడు ఒక మాట. ఆమె ఆ చీపురు కట్ట కోసం కొండెక్కి గడ్డి కోసి, ఎండబెట్టి, కట్టి, నెత్తిన పెట్టుకుని వచ్చింది. పది రూపాయల దగ్గర గీచిగీచి బేరమాడకండి. ఫోటో తీయాలంటే "అమ్మా, ఫోటో తీసుకోనా?" అని అడగండి, వద్దంటే ఫోన్ జేబులో పెట్టేయండి. ముక్కుకి మూడు పుడకలు పెట్టుకున్న పెద్దామె మొహం మీదకి లెన్స్ తీసుకెళ్ళడం ఏ రకంగానూ మర్యాద కాదు.

సంత అయ్యాక మధ్యాహ్నం చాపరాయికి వెళ్ళొచ్చు. పాడేరు రోడ్డులో డుంబ్రిగుడ దగ్గర, పదిహేను కిలోమీటర్ల లోపే. పరుచుకున్న బండ మీద నుంచి ఏరు పలచగా జారుతుంది. చూడటానికి పిల్లలాట లాగే ఉంటుంది, కానీ పాచి పట్టిన చోట కాలు నిలవదు, కింద మడుగులు లోతు. ఇక్కడ ప్రాణాలు పోయాయి. బోర్డు పెట్టిన చోటు దాటకండి, మందు తాగి అసలు దిగకండి.

పాడేరు దిక్కు: వంజంగి, మత్స్యగుండం

వంజంగి మేఘాల కొండ కోసం అందరూ వెళతారు, వెళ్ళాల్సిందే కూడా. అయితే అది పాడేరు పక్కన ఉంది, అరకు నుంచి పాడేరే 45 కిలోమీటర్లు. సూర్యోదయానికి పైన ఉండాలంటే అరకులో రెండున్నర, మూడింటికి బయలుదేరాలి, మంచులో ఆ దారి నడపడం ప్రమాదం. అందుకని ముందు రోజు సాయంత్రమే పాడేరు వెళ్ళి ఒక రాత్రి అక్కడ పడుకోండి. పాడేరు 2022 ఏప్రిల్ నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాకి కేంద్రం, లాడ్జీలు బాగానే పెరిగాయి. కొండ కింద టెంట్లు కూడా ఇస్తారు, చలికి ఓర్చుకోగలిగితే అదీ ఒక పద్ధతే.

బండి ఆపిన చోటి నుంచి పైకి నడవాలి, చివర నిటారుగా ఉంటుంది, గంట పెట్టుకోండి. టార్చి, నీళ్ళు, పట్టున్న బూట్లు. మేఘాలు రోజూ ఉండవు. ముందు రోజు వాన పడి, రాత్రి ఆకాశం తేటగా ఉండి, గాలి లేకపోతే మర్నాడు లోయ నిండే అవకాశం ఎక్కువ. అక్టోబరు నుంచి ఫిబ్రవరి మధ్య బాగుంటుంది. పైన వేసిన ప్లాస్టిక్ కిందకి తెచ్చేవాడు ఎవడూ లేడు, మీ చెత్త మీరే తెచ్చుకోండి.

దిగి పాడేరులో టిఫిన్ చేసి మోదకొండమ్మ గుడికి వెళ్ళండి. మన్యం మొత్తానికి ఆమె ఇలవేల్పు. మేలో జరిగే జాతరకి ఒడిశా నుంచి కూడా జనం వస్తారు. ఆ రోజుల్లో అయితే గదుల ఆశ పెట్టుకోవద్దు.

తిరిగి అరకు వచ్చే దారిలో హుకుంపేట మండలం మఠం గ్రామం వైపు మళ్ళితే మత్స్యగుండం. ఏటి మడుగు, గుంపులు గుంపులుగా చేపలు, ఒడ్డున మత్స్యలింగేశ్వరుడి గుడి. చేపల్ని దేవుడిగా చూస్తారు, ఎవరూ పట్టరు. మరమరాలు వేస్తే నీరు మరిగినట్టు పైకి లేస్తాయి. శివరాత్రి ఇక్కడ కూడా పెద్దది. టూరిస్టు ప్యాకేజీల్లో లేని చోటు కాబట్టి ఇంకా నిదానంగా ఉంది, దయచేసి అలాగే ఉండనివ్వండి.

లంబసింగిని అరకుతో కలపకండి

ఇది అందరూ చేసే పని, నేను వద్దంటాను. అరకు నుంచి వంద కిలోమీటర్లకి అటూఇటూ, మొత్తం కొండ దారే. వెళ్ళొచ్చేసరికి రోజు బండిలోనే అయిపోతుంది. లంబసింగి చూడాలంటే అరకు ఖాళీ చేసి, పాడేరు, జి.మాడుగుల మీదుగా, దారిలో కొత్తపల్లి జలపాతం చూసుకుంటూ వెళ్ళి, రాత్రి లంబసింగిలో ఉండి, మర్నాడు పొద్దున్నే మంచూ తాజంగి రిజర్వాయరూ చూసుకుని నర్సీపట్నం వైపు దిగిపోండి. అప్పుడు వెనక్కి రావాల్సిన పని లేదు.

ఆ దారిన వెళితే చింతపల్లిలో ఆగండి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దండు చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడి తుపాకులు పట్టుకెళ్ళింది, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. రోడ్డు పనులకి గిరిజనుల చేత చాలీచాలని కూలికి చాకిరీ చేయించడం, పోడు మీద అటవీ ఆంక్షలు ఆ తిరుగుబాటుకి కారణాలు. ఇవాళ హాయిగా కారులో ఎక్కుతున్న ఈ కొండల్లో రెండేళ్ళు పోరాటం నడిచింది. నర్సీపట్నం దిగాక కృష్ణదేవిపేటలో ఆయన సమాధి ఉంది, పిల్లల్ని తీసుకెళ్ళి చూపించండి.

ఒడిశా దిక్కు, ఓపిక ఉన్నవాళ్ళకి

అరకు దాటి కొంచెం పోతే ఒడిశా. పాడువా మీదుగా నందపూర్, మాచ్‌ఖండ్ వైపు దారి. చూడాల్సింది డుడుమ జలపాతం, మాచ్‌ఖండ్ నది నూట యాభై మీటర్లకి పైగా ఒక్క దూకు దూకుతుంది. విద్యుత్తు కోసం నీళ్ళు మళ్ళిస్తారు కాబట్టి వానలు వెనకబట్టిన తర్వాతే వెళ్ళాలి, వేసవిలో సన్నని ధారే. 1955లో మొదలైన మాచ్‌ఖండ్ విద్యుత్ కేంద్రం ఆంధ్ర, ఒడిశాల ఉమ్మడి ఆస్తి. ఈ నదే కిందకి వచ్చి సీలేరు అవుతుంది, శబరిలో కలిసి గోదావరికి చేరుతుంది. నందపూర్‌లో జయపురం రాజుల ముప్పై రెండు మెట్ల సింహాసనం ఉంది, దారిలోనే కాబట్టి అరగంట ఆగండి.

గురువారం ఒనకడిల్లి సంతకి బోండా తెగ వాళ్ళు వస్తారని చెప్పి ప్రత్యేకంగా తీసుకెళ్ళే వాళ్ళున్నారు. మనుషుల్ని వింతగా చూడటానికి వెళ్ళే ప్రయాణం అది. వెళ్ళొద్దు.

పొద్దున ఆరింటికి బయలుదేరి, చీకటి పడకముందే అరకు చేరేలా చూసుకోండి. ఫోన్ సిగ్నల్ గంటల తరబడి ఉండదు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, ట్యాంకు అరకులోనే నింపండి.

దోమలు, డబ్బులు, గదులు

ఇది మలేరియా ఉన్న ఏజెన్సీ ప్రాంతం, మర్చిపోవద్దు. సాయంత్రం నుంచి పొడుగు చేతుల చొక్కా, దోమల క్రీము, గదిలో దోమతెర అడగండి. ఇంటికెళ్ళిన రెండు మూడు వారాల్లో చలిజ్వరం వస్తే డాక్టరుకి "అరకు వెళ్ళొచ్చాం" అని చెప్పి రక్తపరీక్ష చేయించుకోండి, చెప్పకపోతే మామూలు జ్వరం మందులిచ్చి పంపేస్తారు.

ఘాట్ రోడ్డులో వాంతులయ్యేవాళ్ళు మాత్ర బయలుదేరాక కాదు, అరగంట ముందే వేసుకోవాలి. నోట్లు, చిల్లర సరిపడా ఉంచుకోండి, సిగ్నల్ లేని చోట ఫోన్ పే పనిచేయదు. ఇక గదుల విషయానికొస్తే, ఏజెన్సీలో 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరులు భూమి కొనడానికి వీల్లేదు. గిరిజన కుటుంబాలు సొంతంగా నడిపే చిన్న హోమ్‌స్టేలు ఉన్నాయి, వీలైతే వాటిలో ఉండండి. చోడి అంబలి, కొండ కోడి కూర, చెరువు చేపలు అక్కడే దొరుకుతాయి.

దిగే రోజు

కాఫీ, తేనె, పసుపు కొనాలంటే గిరిజన సహకార సంస్థ దుకాణానికి వెళ్ళండి, జీసీసీ అని అడిగితే ఎవరైనా చూపిస్తారు. 1956 నుంచి ఉన్న సంస్థ, గిరిజనుల దగ్గర నేరుగా కొంటుంది. రోడ్డు పక్క సీసాల్లో అమ్మే తేనె నమ్మకండి. కాఫీ పొడి కొనేటప్పుడు చికోరీ ఎంత కలిసిందో ప్యాకెట్ మీద చూసుకోండి, ఫిల్టర్ ఉన్నవాళ్ళు చికోరీ లేనిది తీసుకోండి.

తిరుగు రైలు మధ్యాహ్నం పైన ఉంటుంది, కానీ అది కిరండూల్ నుంచి రావాలి కాబట్టి ఆలస్యమయ్యే అవకాశం ఎక్కువ. రాత్రి విశాఖలో వేరే రైలో విమానమో అందుకోవాల్సి ఉంటే దాన్ని నమ్ముకోకుండా పొద్దున బస్సుకో కారుకో దిగండి. డిసెంబరు, జనవరుల్లో తొమ్మిది గంటల దాకా ఘాట్‌లో మంచు విడవదు, అంతకుముందు బయలుదేరినా కలిసొచ్చేదేమీ లేదు, టిఫిన్ చేసి తీరిగ్గా బయలుదేరినా మధ్యాహ్న భోజనానికి శృంగవరపుకోటలో ఉంటారు.